సిలబస్ లేని పరీక్ష

అశోక్ నగర్ గోడల మీద అంటించిన కాగితాలు చదువుకుంటూ పోతే ఈ రాష్ట్రంలో ఉన్న పరీక్షలన్నిటికీ ఇక్కడే వంట జరుగుతోందేమో అనిపిస్తుంది. గ్రూప్ వన్, గ్రూప్ టూ, ఎస్సై, డీఎస్సీ, బ్యాంకు, రైల్వే, సివిల్స్. ఒక్కోదానికి టెస్ట్ సిరీస్, నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, రీడింగ్ రూము, హాస్టలు. పక్కనే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుని, టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని, రాత్రి దాకా కదలని పిల్లలు. కొంచెం అటు వెళ్తే నారాయణగూడ, అక్కడ ఇంటర్, ఎంసెట్ కాలేజీలు. ఈ మూడు పేటల ఆర్థిక వ్యవస్థ మొత్తం ఒకే ఒక్క మాట మీద నడుస్తోంది: ప్రిపరేషన్.

ఇదే మూడు పేటల మధ్యలో త్యాగరాయ గానసభ ఉంది. ఏడాది పొడుగునా అక్కడ నాటకమో, నృత్యమో, కచేరీయో, సన్మానమో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఇంకాస్త ముందుకి పోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, తెలుగు సినిమా మొదటి రోజు మొదటి ఆట తీర్పు వినిపించే చోటు. అంటే పరీక్షకి తయారయ్యేవాళ్ళూ, కళని చూసేవాళ్ళూ ఒకే గల్లీల్లో తిరుగుతున్నారు. కానీ ఆ గోడల మీద ఒక కాగితం మాత్రం కనపడదు: నాటకం చదవాలనుకుంటున్నారా, లైటింగ్, సౌండ్, స్టేజ్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేరాలనుకుంటున్నారా, ఇక్కడ తయారు చేస్తాం అని చెప్పే కాగితం.

"అదేం లోటు? దానికెవరొస్తారు?" అని అడగొచ్చు. ఎవరొస్తారో తెలుసుకోవాలంటే కృష్ణానగర్ వెళ్ళి చూడాలి. అక్కడి గదుల్లో ఉన్నవాళ్ళూ అశోక్ నగర్ పిల్లల్లాంటివాళ్ళే. అదే జిల్లాల నుంచి, అవే బస్సుల్లో వచ్చినవాళ్ళు. తేడా ఒక్కటే. అశోక్ నగర్ పిల్లవాడి చేతిలో సిలబస్ ఉంది. కృష్ణానగర్ పిల్లవాడి చేతిలో ఫోన్ నంబర్లు ఉన్నాయి. పూరి జగన్నాథ్ 2008లో తీసిన ‘నేనింతే’లో కథానాయకుడు అసిస్టెంట్ డైరెక్టర్. ఆ సినిమాని చాలామంది పట్టుదల కథగా గుర్తుపెట్టుకున్నారు. నాకు అది దారి ఎక్కడుందో రాసి లేని ఊరి కథలా కనిపిస్తుంది.

*

ముందుగా ఆ గుమ్మం ఏమిటో చూద్దాం.

ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో మొదలైంది. మూడేళ్ళ డిప్లొమా. దరఖాస్తు చేయాలంటే ఏదైనా డిగ్రీ ఉండాలి. దాంతోపాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం ఉండాలి. హిందీ, ఇంగ్లిష్ పని నడిచేంతైనా రావాలి. నిజామాబాద్ జిల్లాలో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి ఈ మూడు షరతులూ చదివిందనుకోండి. మొదటిది ఆమె దగ్గర ఉంది. మూడోది ఎలాగో కష్టపడి తెచ్చుకోగలదు. రెండోది? ఆమె కాలేజీలో వార్షికోత్సవానికి ఒక స్కిట్ వేస్తారు. ఆరు నాటకాలు ఎక్కడ వేయాలి, ఎవరితో వేయాలి, ఎవరు వేయనిస్తారు? చదువు మొదలవకముందే సగం చదువు అయిపోయి ఉండాలని ఆ నిబంధన అడుగుతోంది. ఆ సగం చదువు ఎక్కడ చెబుతారో మాత్రం చెప్పదు.

దగ్గర్లో చూస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, 1988 నుంచి. అందులో రంగస్థల కళల శాఖ దేశంలో పేరున్నది. కానీ అది పీజీ స్థాయి చదువు. అంటే ముందు మూడేళ్ళో నాలుగేళ్ళో వేరే ఏదో చదివి, అప్పుడు ఇటు తిరగాలి. బీటెక్ చేసి ఇటు తిరగడానికి ఇంట్లో ఒప్పుకునే కుటుంబాలు ఎన్ని? 2022 నుంచి పీజీ ప్రవేశాలకి సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. అది రాతపరీక్ష, చదివి రాయొచ్చు. కానీ ఎక్కడైనా సరే అసలు నిర్ణయం జరిగేది ఒక గదిలో, నలుగురి ముందు, మన ఒళ్ళు ఏం చేస్తోందో చూసి. ఆ గదికి పాత ప్రశ్నపత్రాలు లేవు.

చిత్రకళ వైపు పరిస్థితి కొంచెం నయం. మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీకి ప్రవేశపరీక్ష ఉంది. బొమ్మ గీయమంటారు, రంగు వేయమంటారు. ఏం అడుగుతారో ముందే తెలుస్తుంది కాబట్టి సాధన చేయొచ్చు. నటనకి, రంగాలంకరణకి, వెలుగుకి, శబ్దానికి అలాంటి రాసిపెట్టిన మొదటి మెట్టు లేదు.

*

"కళకి ప్రిపరేషన్ ఏమిటండీ, అది పుట్టుకతో రావాలి" అనేవాళ్ళు సంగీతం దగ్గర ఆ మాట అనరు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, ఆ తర్వాత వర్ణాలు. ఈ వరసని పురందరదాసు ఏర్పాటు చేశాడని సంప్రదాయం చెబుతుంది. మన ప్రాంతంలో ఇంకా వాడుకలో ఉన్న అతి పాత ప్రిపరేటరీ కోర్సు ఇదేనేమో. సరళీ స్వరాలు పాడినంత మాత్రాన గాయకుడు కాడు. కానీ రేపు గురువు ముందు కూర్చుంటే ఏం జరుగుతోందో అర్థమవుతుంది.

నారాయణగూడకి దగ్గర్లోనే, రామకోటిలో, శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. నాలుగేళ్ళ సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ళ డిప్లొమా. పదేళ్ళు నిండిన పిల్లలు చేరొచ్చు. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, కూచిపూడి, ఏదైనా సరే మొదటి ఏడాది ఏం నేర్పుతారో, రెండో ఏడాది ఏం నేర్పుతారో కాగితం మీద ఉంటుంది. ఇంట్లో ఎవరికీ సంగీతం రాని పిల్ల కూడా ఆ మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ పైకి పోవచ్చు. మెట్లున్నంత మాత్రాన అందరూ ఎక్కుతున్నారని కాదు. ఏ ఇళ్ళ పిల్లలు వీణ ముందు కూర్చున్నారు, ఏ ఇళ్ళ పిల్లల్ని ఎవరూ కూర్చోమనలేదు అన్న ప్రశ్నకి సిలబస్ జవాబు చెప్పదు. అయినా మెట్లే లేని చోట ఆ ప్రశ్న అడిగే వీలు కూడా ఉండదు కదా.

విజయనగరం సంగీత కళాశాల కథ ఇక్కడ చెప్పాలి. 1919లో విజయరామ గజపతి దాన్ని పెట్టించాడు. ఆస్థానంలో ఉన్నవారి చూపులేని కొడుకు సంగీతం నేర్చుకోవడం కోసం ఆ ఆలోచన పుట్టిందని చెబుతారు. తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. ఒక్క పిల్లవాడికి దారి లేదని గమనించి తలుపు కట్టించారన్నమాట. ఆ తలుపులోంచి తర్వాత సుశీల వచ్చింది, ఘంటసాల వచ్చాడు.

ఘంటసాల సంగతి మనకి బాగా తెలుసు కానీ సాధారణంగా దాన్ని కన్నీళ్ళ కథగా చెప్పుకుని వదిలేస్తాం. ఆయన విజయనగరం చేరేసరికి వేసవి సెలవులు, కాలేజీ మూసి ఉంది. ఉండటానికి చోటు లేదు, తిండి లేదు. పట్రాయని సీతారామశాస్త్రి ఆ కుర్రవాణ్ణి చేరదీసి ఇంట్లో పాఠం చెప్పాడు. భోజనానికి మాధుకరం, అంటే జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరగడం. ఈ కథని కొంచెం చల్లగా చదివితే ఒక కోర్సు ఆకారం కనిపిస్తుంది. కాలేజీ గేటుకి, ఆ కుర్రవాడికి మధ్య మూడు విషయాలు లేవు: ముందస్తు పాఠం, నెత్తి మీద కప్పు, రెండు పూటలా అన్నం. మొదటిది ఒక గురువు మంచితనం వల్ల దొరికింది. మూడోది ఊరి ఇల్లాళ్ళ మంచితనం వల్ల దొరికింది. ఆ మంచితనం దొరకనివాళ్ళు ఎంతమంది వెనక్కి తిరిగి వెళ్ళిపోయారో మనకి తెలిసే అవకాశం లేదు, వాళ్ళ పాటలు రికార్డు కాలేదు కాబట్టి.

*

నాటకానికి ఇలాంటి మెట్లు లేకపోవడం వల్ల జరిగిన నష్టం బయట ఎక్కడో లేదు, వేదిక మీదే కనిపిస్తుంది. విమర్శకి ఇది అసలు విషయం.

తెలుగులో నాటకానికి ప్రిపరేటరీ కోర్సు లేదన్నాను కానీ, దాని పని ఇన్నాళ్ళూ చేసినవి పరిషత్తులు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి ఊరూరా పోటీలు, బహుమతులు, తర్వాత నంది నాటకోత్సవాలు. బ్యాంకు ఉద్యోగులు, మాస్టార్లు, రైల్వే గుమాస్తాలు సాయంత్రాలు రిహార్సల్ చేసి నాటకాన్ని బతికించారు. సినిమాకి ఎందరో నటుల్ని ఇచ్చింది ఈ వ్యవస్థే. దాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు.

కానీ పోటీ ఏం నేర్పుతుందో అదే నేర్పుతుంది. నాటికకి గంటకి అటూ ఇటూ సమయం. ఒకదాని తర్వాత ఒకటి ఆడాలి కాబట్టి సెట్టు త్వరగా పెట్టి త్వరగా తీయాలి. దాంతో చాలా నాటికలు ఒకే మధ్యతరగతి హాల్లో జరుగుతాయి. ఒక సోఫా, రెండు గుమ్మాలు, గోడకి ఒక దేవుడి పటం. వేదిక ముందు పైనుంచి మైకులు వేలాడుతుంటాయి. గొంతు ఎలా వాడాలో ఎవరూ నేర్పలేదు, హాల్లో శబ్దం సరిగా నిలవదు. అందుకని కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా పాత్ర నెమ్మదిగా మైకు కిందకి జరుగుతుంది. గానసభలో నాటకాలు చూసే అలవాటున్నవాళ్ళకి ఈ అడుగులు బాగా తెలుసు. తండ్రి కొడుకుతో మాట్లాడుతుంటాడు, ఇద్దరూ మనవైపు చూస్తుంటారు.

ఇది నటుల అసమర్థత అని రాసేసి సమీక్ష ముగించడం తేలిక. నిజానికి అది ఎవరూ నేర్పని పాఠం తాలూకు జాడ. ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవాళ్ళు వినడం ఎలా, వీపు ప్రేక్షకుల వైపు ఉన్నా మాట వినపడేలా చేయడం ఎలా, వెలుగులోకి అడుగు పెట్టామని మొహం మీద వేడిని బట్టి పసిగట్టడం ఎలా, ఇవన్నీ ఆరు నెలల సాధనతో వచ్చే పనులు. వీటికి మేధావి కానక్కరలేదు. నేర్పే చోటు ఉంటే చాలు.

తెర వెనక పనుల సంగతి ఇంకా అధ్వానం. లైట్లూ సెట్టూ మేకప్పూ అద్దెకి వస్తాయి, వాటితో మనుషులూ వస్తారు. వాళ్ళు గట్టి పనివాళ్ళే. కానీ రిహార్సల్‌లో ఉండరు. నాటకం ఏమిటో ఆ సాయంత్రమే చూస్తారు. మాట పూర్తయ్యాక రెండు సెకన్లు ఆగి వెలుగు తగ్గాలా, మాట మీదే తగ్గాలా అన్నది నాటకం అర్థాన్నే మార్చేస్తుంది. ఏ మాట దగ్గర ఏ దీపం వెలగాలో వరసగా రాసుకున్న కాగితం, దాన్ని చేతిలో పట్టుకుని పిలిచే మనిషి. ఈ ఉద్యోగానికి స్టేజ్ మేనేజర్ అని పేరుందనీ, దీన్ని కూడా డిగ్రీ దాకా చదవొచ్చనీ చిక్కడపల్లిలో ఎంతమంది డిగ్రీ పిల్లలకి తెలుసు? తెలియని ఉద్యోగానికి ఎవరూ దరఖాస్తు చేయరు.

ఆడవాళ్ళ విషయం వేరుగా చెప్పాలి. పరిషత్తు నాటకంలో నటీమణులు చాలాకాలంగా ఒక చిన్న బృందం. ఊరూరా తిరుగుతూ, ఒకే సీజన్‌లో నాలుగైదు సమాజాలకి పనిచేస్తూ, రిహార్సల్‌కి చివరి రోజుల్లో వచ్చి పాత్రని మోసేవాళ్ళు. వాళ్ళ జ్ఞాపకశక్తికి, సమయస్ఫూర్తికి దండం పెట్టాలి. అయితే కొత్త అమ్మాయిలు ఎందుకు రాలేదు? రిహార్సల్ రాత్రి తొమ్మిదికి మొదలై పన్నెండుకి ముగిస్తే ఏ హాస్టలు గేటు తెరిచి ఉంటుంది? దీన్ని అభిరుచి లోపం అంటే కుదరదు. టైమ్ టేబుల్ అలా ఉంది.

*

నా చదువు ఇంజనీరింగ్, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఈ రంగంలో ఉన్న తెలుగువాళ్ళం ఎక్కువమంది ఒక అనధికార ప్రిపరేటరీ కోర్సుకి రుణపడి ఉన్నాం. దాని పేరు అమీర్‌పేట. జిల్లా కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, కంప్యూటర్ ల్యాబ్ తాళం ఎప్పుడూ తీయని చోటి నుంచి వచ్చిన పిల్లలకి జావా, టెస్టింగ్, ఒరాకిల్ నేర్పిన సందులు అవి. జిరాక్స్ నోట్సు, కిక్కిరిసిన గదులు, వందమందికి ఒక మాస్టారు. అక్కడ గొప్ప ప్రోగ్రామర్లు తయారయ్యారని ఎవరూ అనరు. ఇంటర్వ్యూ గదిలోకి అడుగుపెట్టగలిగే ధైర్యం తయారైంది. మిగతాది ఉద్యోగంలో నేర్చుకున్నారు.

అశోక్ నగర్ కూడా అంతే. దాన్ని వెక్కిరించడం మన సాహిత్య వర్గాల్లో ఒక ఫ్యాషన్. బట్టీ అంటాం, ఏళ్ళు వృథా అంటాం. కొంత నిజమే. కానీ ఆదిలాబాద్ పిల్లవాడూ, బంజారాహిల్స్ పిల్లవాడూ ఒకే సిలబస్ కాగితం ముందు కూర్చునే అరుదైన చోటు అది. ప్రభుత్వం కూడా అక్కడ ఒక సూత్రాన్ని ఒప్పుకుంది. ఎస్సీ, బీసీ స్టడీ సర్కిళ్ళు పెట్టి ఉచితంగా గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి తయారు చేస్తోంది. అంటే గుమ్మం అందరికీ తెరిచి ఉందని బోర్డు పెడితే సరిపోదు, గుమ్మం దాకా నడిపించాలి అని ప్రభుత్వమే అంగీకరించింది. ఆ సూత్రం ఉద్యోగాల దగ్గర ఆగిపోయింది. కళ దగ్గరకి రాలేదు.

ఎందుకు రాలేదంటే, కళని మనం ఇప్పటికీ చదువుగా ఒప్పుకోలేదు. ప్రదర్శన ఇస్తే శాలువా కప్పుతాం. శాలువాకి సిలబస్ అక్కరలేదు.

*

ఇప్పుడు రెండో వైపు. నాటకానికి కోచింగ్ సెంటర్లు వచ్చాయనుకోండి. ఏమవుతుంది?

ఊహించడం కష్టం కాదు. ‘ఎన్ఎస్డీ టార్గెట్ బ్యాచ్’. ఆడిషన్‌లో పనికొచ్చే పది ఏకపాత్రలు, ధర్మవీర్ భారతి ‘అంధా యుగ్’ నుంచి అశ్వత్థామ అందరికీ కంఠతా. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కన్నీళ్ళు రావాలో గుర్తులు. గ్రూప్ వన్ వ్యాసాల్లో ఒకే అంబేద్కర్ వాక్యం వందమంది రాసినట్టు, ఆడిషన్ గదిలో ఒకే అశ్వత్థామ వందసార్లు అరుస్తాడు. ఎంపిక చేసేవాళ్ళకి ఏది నచ్చుతుందో అది నేర్పడం అంటే, వాళ్ళ అభిరుచిని ఇంకో వందమందికి అంటగట్టడమే. అప్పుడు లోపలికి వచ్చే మనుషులు మారతారు, నాటకం మారదు.

ఈ భయం సరైనదే. కాబట్టి కోచింగ్‌కీ, నేను అడుగుతున్నదానికీ తేడా చెప్పాలి. బ్రిటన్‌లో 1978 నుంచి యాక్సెస్ కోర్సులని ఒక పద్ధతి నడుస్తోంది. బడి మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్ళని విశ్వవిద్యాలయానికి తయారు చేయడానికి మొదలైంది. ఆ కోర్సు పూర్తిచేయడమే ఒక అర్హత. వేరే పరీక్షకి చిట్కాలు చెప్పడం దాని పని కాదు. నాటక విద్య విషయంలో అక్కడ కూడా చాలాకాలం డబ్బున్న ఇళ్ళ పిల్లలదే పైచేయి. ఆడిషన్‌కి ఫీజు, రైలు ఖర్చు, ముందు చెప్పించుకున్న ప్రైవేటు పాఠాలు. 2017లో ఓపెన్ డోర్ అనే సంస్థ మొదలై, డబ్బులేని ఇళ్ళ పిల్లలకి ఉచితంగా శిక్షణ ఇచ్చి, ఆడిషన్ దాకా తోడు వెళ్తోంది. ప్రయత్నించడానికి కూడా డబ్బు కావాలి అన్న మామూలు నిజాన్ని అది పట్టుకుంది. అశోక్ నగర్‌లో గది అద్దె కట్టేవాళ్ళకి ఈ నిజం ఎవరూ చెప్పక్కరలేదు.

అంత దూరం ఎందుకు, పక్కనే కర్ణాటకలో హెగ్గోడు ఉంది. కె.వి. సుబ్బణ్ణ, ఆయన మిత్రులు 1949లో నీనాసం మొదలుపెట్టారు, 1980లో దానికి నాటక శిక్షణ కేంద్రం తోడైంది. ఒక ఏడాది కోర్సు, కన్నడంలో, ఒక పల్లెలో. 1985 నుంచి ‘తిరుగాట’ అని బృందం ఊరూరా తిరిగి నాటకాలు ఆడుతోంది. అక్కడ చదివినవాళ్ళు కొందరు తర్వాత ఢిల్లీ వెళ్ళారు, కొందరు సినిమాకి వెళ్ళారు, చాలామంది తమ జిల్లాలో నాటకం వేస్తున్నారు. ఇది గమనించాలి. పై మెట్టు ఎక్కనివాడు కూడా అక్కణ్ణుంచి ఉత్త చేతుల్తో వెళ్ళడు. అశోక్ నగర్‌లో ఆరేళ్ళు ఉండి ఎంపిక కానివాడి చేతిలో ఏముంటుంది? ఏ ప్రిపరేటరీ కోర్సునైనా నేను ఈ ఒక్క ప్రశ్నతో కొలుస్తాను: సీటు రానివాడికి ఏం మిగిలింది?

దీన్నిబట్టి కోర్సులో ఏం ఉండాలో కూడా తేలుతుంది. ఆడిషన్ ముక్కలు కాదు, ఒక పూర్తి నాటకం. ఇరవై మంది కలిసి, తమ మాండలికంలో, తామే రాసుకుని, తామే దీపాలు వేసి, తామే టికెట్లు అమ్మి ఆడటం. అందులో ప్రతివాళ్ళూ ఒకసారి ముందూ, ఒకసారి వెనకా పనిచేయడం. సంవత్సరానికి అలాంటివి మూడు చేస్తే, రెండేళ్ళకి ఆరు నాటకాలు. ఢిల్లీ నిబంధన కూడా పూర్తవుతుంది, దానికోసం చేయకపోయినా.

*

పిల్లల్ని డిగ్రీకి తగ్గట్టు తయారు చేయడం సగం పని. డిగ్రీ కూడా పిల్లలకి తగ్గట్టు మారాలి. ఈ మాట అనకపోతే ప్రిపరేటరీ కోర్సు ఇస్త్రీపెట్టెలా తయారవుతుంది, మడతలన్నీ పోగొట్టి పంపిస్తుంది.

ఒగ్గుకథ చెప్పే ఇంట్లో పుట్టిన పిల్లవాడు పదిహేనేళ్ళకే రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టడం నేర్చుకుంటాడు. చుక్క సత్తయ్య ఒక్కడే క్షణంలో మగ నుంచి ఆడకి, దేవుడి నుంచి గొల్లకి మారిపోవడం చూసినవాళ్ళకి నటన అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు. చిందు ఎల్లమ్మ సంగతీ అంతే. మరి ఆ ఇంటి పిల్లవాడు దరఖాస్తులో ‘ఆరు నాటకాలు’ అన్న గడి దగ్గర ఏం రాయాలి? వందల రాత్రులు ఆడాడు, కానీ అవి నాటకాల కింద లెక్కకొస్తాయా? ఆ గడిని నింపే భాష అతనికి నేర్పడం కోర్సు పని. ఆ గడిని వెడల్పు చేయడం విశ్వవిద్యాలయం పని.

సురభి ఇంకో ఉదాహరణ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబాలు. అక్కడ పిల్లలు నడక రాకముందే కృష్ణుడిగా రంగం మీదికి వస్తారు. తెర లాగడం, తీగల మీద మనిషిని ఎగరేయడం, రంగు పూసుకోవడం, హార్మోనియం అన్నీ ఇంట్లోనే నేర్చుకుంటారు. ప్రదర్శన, నిర్మాణం రెండూ ఒకే చదువుగా ఉన్న మన ఏకైక విశ్వవిద్యాలయం అది, ఎవరూ పట్టా ఇవ్వకపోయినా. 1990లలో బి.వి. కారంత్ వాళ్ళ దగ్గరికి వచ్చి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించాడు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదివి, దానికే డైరెక్టర్‌గా పనిచేసిన మనిషి. బ్రెహ్ట్ నాటకం బస్తీ దేవత అయింది. ఇద్దరూ ఒకరికొకరు ప్రిపరేటరీ కోర్సు అయ్యారు. అది రెండు వైపులా తెరుచుకున్న తలుపు. కానీ ఒకసారి వచ్చి వెళ్ళే వర్క్‌షాపు ఏటా నడిచే వ్యవస్థ కాదు.

ఇక్కడ ఒక తప్పుడు నిరూపణ తరచూ వినిపిస్తుంది. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది, వెంకటేష్ మహా ఆ పేటలో మనుషుల్నే నటింపజేశాడు. 2021లో ‘సినిమా బండి’ వచ్చింది, దొరికిన కెమెరాతో ఊరివాళ్ళు సినిమా తీసే కథ. "చూశారా, శిక్షణ లేకపోయినా ఎంత బాగా చేశారో!" అంటారు. కంచరపాలెం నటులు మనకి నచ్చింది శిక్షణ లేకపోవడం వల్ల కాదు. వాళ్ళ మాట, వాళ్ళ నడక అంతకుముందు తెర మీద లేవు కాబట్టి. ఒక సినిమాలో ఒకసారి కనిపించిన మనిషి పదేళ్ళ వృత్తి చేయాలంటే ఏం కావాలి అన్నది వేరే ప్రశ్న. సహజంగా చేశారు అని మెచ్చుకుని ఇంటికి పంపించేయడం కూడా తలుపు మూయడమే. మెచ్చుకుంటూ మూస్తున్నాం కాబట్టి చప్పుడు వినపడదు.

*

ఈ మూడు పేటల్లో ఏం చేయొచ్చు? పెద్ద భవనం అక్కరలేదు. గానసభలో పెద్ద హాలుతోపాటు చిన్న హాళ్ళు ఉన్నాయి. రామకోటి కళాశాల సర్టిఫికెట్, డిప్లొమా చట్రం ఉంది. తెలుగు విశ్వవిద్యాలయం మిమిక్రీ, ఇంద్రజాలం, లలిత సంగీతం లాంటివాటికి సాయంకాలపు కోర్సులు నడిపిన అనుభవం ఉన్న సంస్థ. నాంపల్లి ప్రాంగణంలో సాయంకాలపు కోర్సు అంటే ఉద్యోగం చేసుకునేవాడు బస్సు ఎక్కి వచ్చే దూరం. దాని కొత్త ప్రాంగణం బాచుపల్లిలో, ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. సాయంకాలపు చదువుకి ఆ దూరమే ఒక ప్రవేశపరీక్ష. అందుకే ఊరి మధ్యలో, 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో ఆగుతున్న చిక్కడపల్లిలో, ఒక చోటు ఉండాలంటున్నాను.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, హాస్టలు గేట్లు మూయకముందు. తెలుగులో పాఠం, హిందీ, ఇంగ్లిష్ నాటక పదజాలం కోసం వారానికి రెండు గంటలు. ఒగ్గు, చిందు కళాకారులు అతిథులుగా కాదు, జీతం మీద పనిచేసే ఉపాధ్యాయులుగా. లైట్ల అద్దె దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళకి కొన్ని సీట్లు కచ్చితంగా, ఎందుకంటే చేతిపని వాళ్ళకి ముందే వచ్చు, కాగితమే లేదు. ఏడాది చివర యూనివర్సిటీ శాఖలు వచ్చి ఆ నాటకాల్ని చూడాలి, దాన్నే ఆడిషన్‌గా లెక్కించాలి. ఒక గదిలో మూడు నిమిషాలు భయంతో వణికే పిల్లని చూసి తీసుకునే నిర్ణయం కంటే, ఆమె నెల రోజులు కష్టపడ్డ నాటకాన్ని చూసి తీసుకునే నిర్ణయం ఎంతో నమ్మదగినది.

మనలాంటి చదివేవాళ్ళకీ, రాసేవాళ్ళకీ ఇందులో పని ఉంది. తెలుగు నాటకం చచ్చిపోయింది అని ప్రతి ఏడాదీ రాస్తాం. అవే సోఫాలు, అవే మైకులు అని విసుక్కుంటాం. ఇక మీదట ఒక నాటకం మీద రాసేటప్పుడు నటుడు ఎక్కడ నేర్చుకున్నాడు, లైట్లు వేసిన మనిషి పేరు కరపత్రంలో ఉందా, ఈ బృందంలో లేనివాళ్ళు ఎవరు అని కూడా అడగాలి. కథలకీ కవిత్వానికీ ఈ ప్రశ్నలు అడగడం దళిత, స్త్రీవాద విమర్శకులు మనకి ఏనాడో నేర్పారు. నాటకం దగ్గరకి వచ్చేసరికి ఎందుకో మానేశాం.

స్టడీ సర్కిళ్ళు ఏటా ప్రకటనలు ఇస్తాయి. గ్రూప్స్, బ్యాంకింగ్, ఆర్‌ఆర్‌బీ అంటూ ఒక జాబితా ఉంటుంది, అభ్యర్థి ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఆ జాబితాలో ‘రంగస్థలం, సినిమా, నిర్మాణ కళలు’ అని ఇంకో వరస కలపడానికి పెద్ద చట్టమేమీ అక్కరలేదు. మొదటి ఏడాది ఇరవై మంది చాలు.